గడువు తీరిన నియమం

ఆ ఏడాది మా కార్యాలయానికి ఒక ఉత్సాహం వచ్చింది. మాకు ఉత్సాహాలు పైనుంచి, సర్క్యులర్ల రూపంలో వస్తాయి. దీని పేరు "ఇంటికో ఆవిష్కరణ". జూన్ నెలాఖరులోగా మా ప్రాంతీయ శాఖ నాలుగు వందల పేటెంట్లు మంజూరు చేయాలని అందులో ఉంది. అన్ని ఆవిష్కరణలు ఎక్కడున్నాయన్న ప్రస్తావన లేదు. దాని వెనకాలే మరో కాగితం పిన్ను చేసి ఉంది. ఇకమీదట ఏ దరఖాస్తునైనా తిరస్కరించదలచిన పరిశీలకుడు తన అభ్యంతరానికి ఆధారమైన పాత పేటెంటు నంబరు, తేదీ, హక్కుదారు పేరు చూపించాలి. చూపించలేకపోతే అభ్యంతరం లేనట్టే.

నేను పరిశీలకుణ్ణి. బెజవాడలో, కాలవ పక్క వీధిలో, మూడో అంతస్తులో కూర్చుని పదిహేడేళ్ళుగా ఇతరుల ఊహలు చదువుతున్నాను. ఒంటరివాణ్ణి. ఇంటికి పోయాక మాట్లాడే మనిషి లేకపోవడంతో, నా బుర్రలో ఏం జరుగుతోందో గమనించే అలవాటు పట్టుకుంది, కొందరికి నస్యం పట్టుకున్నట్టు. ఉద్యోగానికి అదేమీ అడ్డం కాలేదు. సంతకం పెట్టేటప్పుడు బుర్రలో ఏమీ జరగదు. అది ముంజేతి పని.

మార్చిలో ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. "ప్లాస్మా ఆధారిత అసాంప్రదాయిక శక్తి జనక యంత్రము." దరఖాస్తుదారు షేక్ నాగుల్ మీరా, అరవై ఒక్క ఏళ్ళు, వన్ టౌన్‌లో నియాన్ బోర్డులు తయారు చేస్తాడు. మొదటి క్లెయిము, అంటే హక్కు కోరే అంశం, ఇలా ఉంది: గాజు గొట్టములో నింపిన వాయువును విద్యుత్తుచే ప్లాస్మాగా మార్చినచో, సదరు గొట్టము నలభై వాట్లు పుచ్చుకొని నాలుగు వందల వాట్లు ఇచ్చును.

శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం, శక్తిని సృష్టించడం సాధ్యం కాదు, తిరస్కరించవచ్చు అని ఒక్క వాక్యం రాసి పంపాను. సాయంత్రానికల్లా పిలుపొచ్చింది.

మా ఉప నియంత్రణాధికారి వేమూరి హైమవతి గారు ఫైలు మీద వేలు పెట్టి ఉంచారు, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు.

"కృపాకర్ గారూ, ఈ నియమం నంబరెంత?"

"నంబరు ఉండదు మేడం. ప్రకృతి నియమం."

"ఎవరి పేరు మీదుంది?"

"ఎవరి పేరు మీదా లేదు."

"హక్కుదారే లేనిదాన్ని అడ్డం పెట్టి, హక్కు అడగడానికి వచ్చినవాణ్ణి ఎలా ఆపుతామండీ?"

మర్నాడు తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం తెచ్చి చూపించాను. ఆవిడ ఆ పేజీని శ్రద్ధగా, పెదవులు కదుపుతూ చదివారు.

"'శక్తిని సృష్టించలేము' అనుంది. ఎవరం సృష్టించలేము? ప్రయత్నించినవాళ్ళ పేర్లు లేవు. సరే, ఇది ఎప్పటిది?"

"నూట ఎనభై ఏళ్ళ పైమాట మేడం."

తప్పిపోయిన బీరువా తాళంచెవి దొరికిన మనిషిలా ఆవిడ ముఖం విచ్చుకుంది.

"ఆ ముక్క ముందే చెప్పరేం! పేటెంటు గడువెంత?"

"ఇరవై ఏళ్ళు."

"ఇంకేం మరి!"

ఆవిడ స్వహస్తాలతో రాసిన నోటు ఇప్పటికీ ఫైల్లో ఉంది. "పరిశీలకుడు ఉదహరించిన నియమము రిజిస్టరులో కానరాదు. ఒకవేళ ఉండి ఉన్నయెడల, దాని గడువు సుమారు నూట అరువది సంవత్సరముల క్రితమే తీరినది. కావున సదరు నియమమును ప్రజలు పాటింపవచ్చును, పాటింపకపోవచ్చును." న్యాయ విభాగానికి పంపితే వాళ్ళూ ఒప్పుకున్నారు. నోటీసు బోర్డు మీద పదిహేను రోజులు ప్రకటన పెట్టారు. ఆ తర్వాత ఇంకో వాక్యం చేర్చారు: "గడువు పొడిగింపు కోరుతూ ప్రకృతి తరఫున ఎవరునూ హాజరు కాలేదు."

ఆ రోజు మధ్యాహ్నం ఎదురుగా ఉన్న మంగతాయారు టిఫిన్స్ నుంచి వచ్చిన టీని తాగకుండా బల్ల మీద ఉంచి చూస్తూ కూర్చున్నాను. అది చల్లారుతుందని నాకు తెలుసు. అయినా చూశాను. పై అధికారి సంతకం ఉన్న కాగితం మనసులో ఎక్కడో ఒక మూల చిన్న సందు చేస్తుంది. అందులోంచి ఏదైనా దూరవచ్చు. పావుగంటకు టీ చల్లారింది. గుండె తేలికపడింది. ఆ తేలిక అడుగున, పిసరంత నిరాశ కూడా ఉంది. అదీ గమనించాను.

*

విచారణకు నాగుల్ మీరా ఏజెంటు చలపతిని వెంటబెట్టుకుని వచ్చాడు. చలపతి ఊళ్ళోవాళ్ళకు పేటెంటు దరఖాస్తులు రాసి పెడతాడు. మీరా పొట్టి మనిషి. వేళ్ళ చివరలు నున్నగా, గీతల్లేకుండా ఉన్నాయి. నలభై ఏళ్ళు మంట మీద గాజు గొట్టాలు వంచితే అలా అవుతాయట.

"మీ యంత్రం గురించి చెప్పండి," అన్నారు హైమవతి గారు.

"యంత్రం ఏం లేదు మేడం గారూ. బోర్డు గొట్టమే. గ్యాసు కాస్త పల్చగా నింపి, ట్రాన్స్‌ఫార్మరు చుట్టు మార్చా. నూరు తినే బోర్డు డెబ్బై తింటది. వెలుగు అంతే వస్తది. అదే రాయమన్నా."

"మరి నాలుగు వందల వాట్లు?"

"అదీ..." అని మీరా చలపతి వైపు చూశాడు. "డెబ్బై అంటే ఆఫీసులో నవ్వుతారు మీరా, పెద్దగా రాద్దాం అన్నాడు ఈయన. నాకు ఆఫీసు భాష రాదు గందా, సంతకం పెట్టా. అది కరెంటు పుట్టించదు మేడం. తింటది. కాస్త తక్కువ తింటది, అంతే."

నాకు హాయిగా అనిపించింది. నిజం ఇంత సులువుగా, నీలం లుంగీ కట్టుకుని నడిచి వస్తుందని నేను అనుకోలేదు.

హైమవతి గారు గొంతు సవరించుకున్నారు. "మీరా గారూ, క్లెయిములో రాసినదే ఆవిష్కరణ. దాని గురించి మాట్లాడే అర్హత క్లెయిముకే ఉంటుంది. ఆవిష్కర్త నోటిమాటలు పరిగణనలోకి తీసుకోరాదని మాన్యువల్."

"నేనే గదండీ చేసింది?"

"అందుకే. మీకు పక్షపాతం ఉంటుంది."

చలపతి చిన్నగా దగ్గి, తక్కువ తినే గొట్టం కూడా రెండో క్లెయిముగా ఉందని గుర్తుచేశాడు. ఆవిడ దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. తక్కువ ఖర్చవ్వాలని ఎవరైనా కోరుకుంటారు కాబట్టి అందులో కొత్తదనం లేదట.

ఏప్రిల్ మొదటి వారంలో మీరాకు పేటెంటు వచ్చింది. కింద పరిశీలకుడి సంతకం నాదే. ముంజేయి తన పని తను చేసుకుపోయింది.

*

ఏప్రిల్ ఆఖరున విద్యుత్ సంస్థ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు స్వయంగా వచ్చాడు. చేతిలో మా గెజిట్ ఉంది. ఆ సంస్థలో కూడా ఆ ఏడాది ఒక ఉత్సాహం నడుస్తోంది, "పొదుపే వెలుగు" అని.

"మేడం, నలభైకి నాలుగు వందలిచ్చే సాధనం ఉందని తమ కార్యాలయమే ధ్రువీకరించింది. సాధనం అందుబాటులో ఉండగా తమకు సరఫరా ఇవ్వడం మా నిబంధనల ప్రకారం దుర్వినియోగం. తమరు కాబట్టి ముందుగా చెప్పి తీసేస్తున్నాం."

కాదంటే మా ధ్రువీకరణను మేమే నమ్మనట్టు అవుతుంది. హైమవతి గారు లేచి నిలబడి, ఆయనతో కరచాలనం చేశారు. "ఫలాలను మొదట అందుకునే గౌరవం మా శాఖకే దక్కడం హర్షణీయం," అన్నారు. ఫోటో తీశారు. ఫోటో అయ్యాక ఫ్యాన్లు ఆగిపోయాయి.

బెజవాడలో మే నెల గురించి చెప్పనక్కర్లేదు. ఫైళ్ళకు చెమటపట్టింది. అట్టలు విసనకర్రలయ్యాయి. నీళ్ళ మోటారు లేక మూడంతస్తులూ బిందెలతో ఎక్కుతున్నాం. మీరాకు తాఖీదు వెళ్ళింది: పది రోజుల్లోగా యంత్రాన్ని కార్యాలయంలో అమర్చి, "వాడుక ప్రకటన" దాఖలు చేయాలి. యంత్రం వాడుకలో లేదంటే, దరఖాస్తులో పనిచేస్తుందని రాసింది అబద్ధమవుతుంది. అబద్ధపు ప్రకటనకు ఆరు నెలల జైలు.

మీరా ఆ కాగితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సారూ, పేటెంటు తిరిగి ఇచ్చేస్తా. తీసుకోండి."

"తిరిగి తీసుకునే ఫారం లేదు మీరా గారూ. తప్పుగా ఇచ్చామంటే తప్పు మాది అవుతుంది. ఆ గడి ఫారంలో పెట్టలేదు."

"నా జన్మలో పోలీస్ స్టేషన్ మెట్టెక్కలేదు సారూ. స్టేషన్ బోర్డు చేశాను గానీ, అదీ బయట నిచ్చెనేసుకునే."

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది. రెండింటికీ మధ్య ఎంత సేపు పట్టిందో కూడా గమనించాను. అలవాటు.

*

పదో రోజుకు మీరా యంత్రం అమర్చాడు. మేడం గది గోడ నిండా వంపులు తిరిగిన గాజు గొట్టాలు, కొన్ని ఎర్రగా, కొన్ని నారింజ రంగులో. ఏమీ పుట్టించకపోయినా చాలా అందంగా ఉంది. గొట్టాలు వెలగడానికి మొదట కాస్త కరెంటు కావాలి గనక, వీధి దాటించి మంగతాయారు టిఫిన్స్ నుంచి ఒక వైరు లాగాడు. హోటలు నడిపే మంగతాయారుకు ఆ బోర్డు పన్నెండేళ్ళ క్రితం మీరా చేసిందే. ఆ మొహమాటంతో ఒప్పుకుంది.

పని ఎలా ఉందో చూడటానికి కమిటీ వచ్చింది. మేడం, ఇంజనీరు, న్యాయ విభాగం నుంచి ఒకాయన, సాంకేతిక సభ్యుడిగా నేను. గొట్టాలు వెలిగాయి. వాటికి తగిలించిన బల్ల ఫ్యాను తిరిగింది. అందరం ఆ ఫ్యాను వైపే కాస్త ఒరిగాం.

"మరి ఈ వైరు?" అన్నాడు ఇంజనీరు.

"అది సరఫరా కాదు," అన్నారు హైమవతి గారు. "ప్రోత్సాహకం."

ఆయన రాసుకున్నాడు. అప్పుడే కింద వీధిలోంచి మంగతాయారు గొంతు పైకొచ్చింది.

"ఇదిగో మీరా! నా గ్రైండరు ఆగిపోయిందయ్యా! పిండి మధ్యలో ఉంది, పదకొండింటికి దోసెలెట్టా పొయ్యాలి? మీ ఆఫీసర్లకు గాలి కావాల్సొస్తే నా ఇడ్లీలు మానుకోవాల్నా?"

"ఒక్క పది నిమిషాలు పిన్నీ!" అని కిటికీలోంచి బతిమాలాడు మీరా.

"పదీ లేదు పాతికా లేదు!"

ప్లగ్గు పీకేసింది. గొట్టాలు ఆరిపోయాయి. ఫ్యాను రెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది. కింద గ్రైండరు గుర్రుమంది.

"విశ్రాంతి దశ," అన్నారు హైమవతి గారు. న్యాయ విభాగం ఆయన తలూపాడు.

ఇంజనీరు మాత్రం సంతోషించాడు. ఆయన పొదుపు లెక్కకు మా ఒక్క కార్యాలయం చాలదు. "సాంకేతిక సభ్యుడు 'పనిచేయుచున్నది' అని సోమవారంలోగా సంతకం చేస్తే, మంగళవారం పెద్దాసుపత్రికి సరఫరా తీసేస్తాం. అక్కడా ఇవే గొట్టాలు పెట్టించుకుంటారు. ఆ తర్వాత మంచినీళ్ళ పంపులు."

అందరూ నా వైపు చూశారు. పనిచేస్తోందని రాస్తే ఆసుపత్రిలో ఆక్సిజన్ యంత్రాలు ఆగిపోతాయి. పనిచేయదని రాస్తే మీరా జైలుకు పోతాడు. ఆ రోజు గురువారం. నా ముంజేయి మొదటిసారి నన్ను అడగడం మొదలుపెట్టింది, ఏం చేద్దామని.

*

శుక్రవారం ఫైలు మొదటి నుంచి చదివాను. పదిహేడేళ్ళలో ఒక ఫైలును రెండోసారి చదవడం అదే మొదలు. న్యాయ విభాగం వాక్యం దగ్గర ఆగాను. "ప్రకృతి తరఫున ఎవరునూ హాజరు కాలేదు."

మరి ఎవరైనా హాజరైతే?

ఎదురు టిఫిన్ సెంటర్లో మీరా ఇడ్లీ ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్నాను. దరఖాస్తుదారుతో పరిశీలకుడు కలిసి కూర్చోకూడదు. ఆ నిబంధన నాకు నంబరుతో సహా గుర్తుంది.

"మీరా గారూ, ఇంకో దరఖాస్తు పెట్టాలి మీరు."

"ఉన్నది చాల్లేదా సారూ?" అని దండం పెట్టాడు.

"ఈసారి నిజం రాద్దాం. ఏ యంత్రంలోనైనా లోపలికి ఎంత శక్తి పోతుందో, అంతకు మించి బయటికి రాదు. అంతే."

"అది అందరికీ తెల్సిందే గందా. మా గల్లీలో మేకలక్కూడా తెల్సు, మేత వెయ్యందే పాలు రావని."

"తెలుసు. కానీ ఎవరి పేరు మీదా లేదు."

మంగతాయారు చట్నీ గిన్నె పట్టుకుని ఆగిపోయింది. "రాసెయ్ మీరా. లేకపోతే ఇంకోడెవడన్నా రాసేసుకుంటాడు. స్థలాలట్టాగే పోతాయి."

దరఖాస్తు అక్కడే, నూనె మరక పడిన బల్ల మీద రాశాం. శీర్షిక: "లోనికి పోయినంతకు మించి వెలికి రాకుండా చేయు ఏర్పాటు". అరవై దాటిన దరఖాస్తుదారులకు త్వరిత పరిశీలన ఉంటుంది. కమిటీకి, సాంకేతిక నివేదికకు సంబంధించిన మరో దరఖాస్తు పరిశీలనలో ఉన్నందున పది రోజులు గడువు కావాలని రాశాను. సంబంధం ఉందని రాస్తే చాలు, మా దగ్గర గడువు దొరుకుతుంది.

హైమవతి గారు ఫైలు అట్టతో విసురుకుంటూ చదివారు.

"కృపాకర్ గారూ, ఇది మీరు మొదట్లో అభ్యంతరం రాసిన నియమమే కదండీ?"

"రిజిస్టరులో లేదని తమరే తేల్చారు మేడం. కాబట్టి కొత్తది."

"గడువు తీరిందని కూడా రాశానే!"

"'ఒకవేళ ఉండి ఉన్నయెడల' అని రాశారు."

ఫైలు తిప్పి తన మాట వెతుక్కుని చూసుకున్నారు. తమ చేతిరాతను చూసినప్పుడు మనుషులకు కలిగే వాత్సల్యం ఆవిడ ముఖంలో కనిపించింది.

"నేనెప్పుడూ ఆ మాట వేస్తాను. మంచిదైంది. సరే, దీని ఉపయోగం ఏమిటి? ఉపయోగం లేనిదానికి ఇవ్వలేం."

నేను తలెత్తి సీలింగు ఫ్యాను వైపు చూశాను. ఆవిడా చూశారు. రెక్కకూ రెక్కకూ మధ్య సాలెపురుగు గూడు అల్లింది.

"జూన్ లెక్కలోకి వస్తుందా ఇది?" అన్నారు మెల్లగా.

"వస్తుంది మేడం. మూడు వందల తొంభై ఒకటో నంబరు."

మంజూరైంది. సంతకం పెట్టినప్పుడు బుర్రలో ఏదో జరిగింది. ఏమిటో పట్టుకోబోయేలోగా పోయింది. గమనించడానికి టైము చాలలేదు. అది నాకు కొత్త.

తర్వాత పనులన్నీ నిబంధన ప్రకారమే జరిగాయి. మొదటి పేటెంటు రెండోదాన్ని ఉల్లంఘిస్తోంది. హక్కుదారు నోటీసు ఇవ్వాలి. నాగుల్ మీరా, నాగుల్ మీరాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాడు. పోస్ట్‌మన్ తెస్తే సంతకం పెట్టి పుచ్చుకున్నాడు. తెలియక చేశానని, ఇకమీదట యంత్రం నడపనని తిరుగు టపాలో క్షమాపణ రాసుకున్నాడు. పెద్దమనిషి కాబట్టి క్షమించాడు. వాడుక ప్రకటనలో "ఇతర హక్కుదారు అభ్యంతరము వలన నిలిపివేయబడినది" అన్న గడి ఉంది. అందులో టిక్కు పెట్టాడు. ఆ గడికి జైలు లేదు. సాధనం అందుబాటులో లేదు గనక సరఫరా తీసెయ్యడమూ ఇక కుదరదు.

ఇంజనీరు మీరా కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు, కాస్త కంగారుగా. ఇప్పుడు ఊళ్ళో ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ మీరా నియమం ప్రకారమే నడుస్తోంది మరి. అనుమతి లేకుండా వాడితే అదో కేసు. చలపతి అప్పటికే పక్కన నిలబడి, తలా ఇంత వసూలు చేద్దామని మీరా చెవిలో ఊదుతున్నాడు. మీరా బర్నరు ఆర్పి, చేతులు తుడుచుకున్నాడు.

"వాడుకోండి సార్. ఊరంతా వాడుకోండి. ఆసుపత్రోళ్ళకు ముందు చెప్పండి."

ఆ సాయంత్రం మా ఫ్యాన్లు తిరిగాయి. సాలెపురుగు మేడం ఫైలు మీద పడింది.

*

మళ్ళీ మే వచ్చింది. మీరా వాడుక ప్రకటన దాఖలు చేయడానికి వచ్చాడు. మంగతాయారు దగ్గరే ఫారం నింపుదాం అన్నాను. ఆవిడ బోర్డు మీద ఎర్ర అక్షరాలు పట్టపగలే వెలుగుతున్నాయి. తక్కువ తినే గొట్టం వేశాడట, ఏ పేటెంటూ లేనిది. ఆర్పాల్సిన పనే లేదని ఆవిడ ఆర్పడం మానేసింది.

"నియమం వాడుకలో ఉందా?" అని ఫారంలోది పైకి చదివాను.

మీరా నా ముందున్న టీ గ్లాసు పట్టుకు చూశాడు. మాటల్లో పడి తాగలేదు.

"చల్లారింది సారూ. ఉంది."

"అవును" అన్న గడిలో టిక్కు పెట్టాను. అతను ఆ టిక్కు వైపు చూశాడు.

"ఇరవై ఏళ్ళే అన్నారు గదా. నేను అప్పటిదాకా ఉంటానో లేదో. నేను పోయాక?"

"గడువు తీరేలోగా ఎవరైనా మళ్ళీ హాజరై దరఖాస్తు పెట్టాలి."

"మర్చిపోతే?"

మాన్యువల్లో దానికి జవాబు లేదు. మీరా లేచి, లోపల పొయ్యి దగ్గరున్న మంగతాయారుతో ఏదో చెప్పాడు. ఆవిడ చేతికున్న పిండి తుడుచుకుని, బొగ్గు ముక్క తీసుకుంది. గోడ మీద, గ్యాసు బండ బుక్ చేసే ఫోన్ నంబరు పక్కన, పాలవాడు నాగా పెట్టిన రోజుల కింద, గడువు తీరే తేదీ పెద్ద అంకెల్లో రాసింది.